నీ వెనకున్నవన్నీ మావే: పగిలిన ఫోన్ స్క్రీన్‌కు ఆదిలాబాద్ నుంచి బహిరంగ లేఖ

పగిలిన స్క్రీన్‌కు,

పాత బటన్ ఫోను కింద పడితే బ్యాటరీ ఒక దిక్కు, మూత ఒక దిక్కు ఎగిరిపోయేవి. ఏరుకొచ్చి కలిపి నొక్కితే మళ్లీ మోగేది. పోతే నాలుగు నంబర్లు పోయేవి, వాటిలోనూ సగం సిమ్‌లో దొరికేవి. ఇప్పటి ఫోను అలా బతకదు. చేనులో పత్తి ఏరుతూ వంగినప్పుడు జేబులోంచి రాయి మీద పడుతుంది. ఉట్నూరు బస్సు దిగే తోపులాటలో జారుతుంది. కేస్లాపూర్ నాగోబా జాతర రద్దీలో ఎవరి మోచెయ్యో తగిలి చేతిలోంచి ఎగిరిపోతుంది. వంగి తీసి చూస్తే మొదట కనిపించేది నువ్వే. అందుకే ఈ ఉత్తరం నీ పేర రాస్తున్నాను, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆదిలాబాద్‌లో ఏ సెల్ రిపేరు షాపు ముందు కాసేపు నిలబడినా ఒకే ప్రశ్న వినిపిస్తుంది. “అన్నా, డిస్‌ప్లే పోతే పోనీ, లోపలున్నయి వస్తయా?” బేల నుంచి వచ్చిన రైతుకు పట్టా పాసుబుక్కు ఫొటో కావాలి. బోథ్ నుంచి వచ్చిన తల్లికి గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన వాయిస్ మెసేజ్‌లు కావాలి. డిగ్రీ చదివే పిల్లకు నోట్సు ఫొటోలు, హాల్‌టికెట్టు కావాలి. కొత్త ఫోను ధర అడిగేవాళ్ల గొంతులో ఇంత భయం ఉండదు. ఆ భయం నువ్వు పెట్టిందే.

నీ మీద నా మొదటి ఆరోపణ ఇది: నువ్వు మనుషుల్ని తప్పుదారి పట్టిస్తున్నావు. నల్లబడి, గీతలు పడి, సిరా ఒలికినట్టు మరకలు కట్టి, లోపలంతా నాశనమైందని నమ్మిస్తున్నావు. ఆ నమ్మకంతోనే ఎంతోమంది ఫోనును డబ్బాలో పడేసి ఊరుకుంటున్నారు, లేదా పాత సామాను కొనేవాడికి ఇచ్చేస్తున్నారు. నిజం వేరు. ఫోను ముందు భాగంలో మూడు పొరలుంటాయి. పైన గాజు, దాని కింద వేలి తాకిడిని గుర్తించే టచ్ పొర, దాని కింద బొమ్మను చూపే ఎల్‌సీడీ గానీ అమోలెడ్ గానీ. ఈ మొత్తాన్ని మా షాపుల్లో ఫోల్డర్ అంటారు, కొందరు కాంబో అంటారు. ఫొటో, పాట, నంబరు, మెసేజ్ ఏ ఒక్కటీ ఈ ఫోల్డర్‌లో ఉండదు. అవన్నీ వెనక మదర్‌బోర్డు మీద అతికి ఉన్న మెమొరీ చిప్‌లో ఉంటాయి. ఫోల్డర్ నుంచి బోర్డుకు ఒక సన్నటి కేబుల్, ఒక చిన్న కనెక్టర్, అంతే సంబంధం. తలుపు బిగుసుకుపోయినంత మాత్రాన ఇంట్లో సామాను పోయినట్టు కాదు. నువ్వు ఆ తలుపువి మాత్రమే.

నువ్వు పగలడానికి కారణం కూడా మా వాళ్లకు తెలియాలి. కార్నింగ్ కంపెనీ గొరిల్లా గ్లాస్ లాంటి గాజును కరిగిన పొటాషియం ఉప్పులో ముంచి గట్టిపరుస్తారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పై పొర బిగుసుకుని దెబ్బను ఓర్చుకుంటుంది. కానీ ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఆ గాజుకన్నా గట్టిది. చేనుకు పోయొచ్చిన జేబులో, ట్రాక్టరు సీటు మీద చేరిన ఇసుక రేణువు కంటికి ఆనని గీత గీస్తుంది. తర్వాత ఎప్పుడో ఫోను పడినప్పుడు పగులు చాలాసార్లు ఆ గీత దగ్గరే మొదలవుతుంది. దుమ్ములో, రాళ్లలో పనిచేసేవాళ్ల జేబులో ఉండే గాజు త్వరగా పగలడంలో ఆశ్చర్యం లేదు. అది వాళ్ల అజాగ్రత్త అనడం అన్యాయం.

రెండో ఆరోపణ: నువ్వు మా బతుకుతెరువుకు అడ్డం పడుతున్నావు. 2025-26 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే రైతు కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు కావాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఓటీపీ వచ్చే ఫోను పగిలి స్లాట్ తప్పిందనుకో, మళ్లీ బుక్ చేసుకునేదాకా పత్తి ఇంట్లోనే ఉంటుంది. ఆలోగా వాన పడితే తేమ ఎక్కుతుంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఇక ప్రైవేటు వ్యాపారి చెప్పిందే రేటు. ఒక గాజు ముక్క పగలడానికీ, ఏడాది కష్టానికి ధర తగ్గడానికీ మధ్య ఉన్న దూరం ఇంతే.

ఉపాధి హామీ పనుల్లోనూ ఇదే కథ. 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరు ఎన్ఎంఎంఎస్ యాప్‌లో ఫొటో తీసి పంపడం తప్పనిసరి అయింది, అదీ రోజుకు రెండుసార్లు. సిగ్నల్ అందని గూడేల్లో తీసిన ఫొటో ఫోనులోనే ఉండిపోయి, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చాక అప్‌లోడ్ అవుతుంది. ఆ మధ్య దారిలో ఫొటో తీసిన మేటు ఫోను పగిలితే ఒక గుంపు మొత్తం చేసిన పనికి సాక్ష్యం నీ వెనక చిక్కుకుంటుంది. అంగన్‌వాడీ టీచరుకు పోషణ్ ట్రాకర్ కూడా ఫోనులోనే. జీతం చిన్నది, ఫోల్డర్ ధర పెద్దది, పని మాత్రం మర్నాడు ఆగదు.

మూడో ఆరోపణ అన్నిటికన్నా బరువైంది: నువ్వు మా జ్ఞాపకాల మీద కూర్చున్నావు. 1940లలో మార్లవాయి గ్రామంలో ఉండి గోండుల జీవితాన్ని గ్రంథస్థం చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు ఈనాటికీ లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి రాతప్రతులు సుమారు 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. వాటిని ఇంటి పెద్దలు తరాలుగా దాచారు కాబట్టే ఆ లిపి బతికింది, 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఫిల్మ్ మీదున్నది మిగిలింది, కాగితం మీదున్నది మిగిలింది. మరి పోయిన దీపావళికి దండారి పండుగలో ఆడిన గుస్సాడీల ఆట ఎక్కడుంది? తోటి తెగ పెద్దాయన కిక్రి వాయిస్తూ తెల్లవార్లూ చెప్పిన కథ ఎక్కడుంది? గూడెంలో ఒక పిల్లగాడి ఫోనులో ఉంది, ఇంకెక్కడా లేదు. మార్లవాయికే చెందిన గుస్సాడీ గురువు, పద్మశ్రీ కనకరాజు 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన అడుగు వేసి చూపించిన వీడియో ఎవరి ఫోనులో ఉందో, దాన్ని మళ్లీ తీసుకునే అవకాశం వాళ్లకు ఇక లేదు. ఆ ఫోను మీద నువ్వు పగిలితే నష్టం ఒక ఇంటిది కాదు, ఒక జాతిది.

ఇందులో నీ తప్పు కానిది ఒకటుంది, దాన్నీ న్యాయంగా చెప్పాలి. లోపలి డేటాకు తాళం వేసింది నువ్వు కాదు. ఆండ్రాయిడ్ 10తో, అంటే 2019 నుంచి, కొత్తగా వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేశారు. ఐఫోన్లలో అది అంతకుముందు నుంచే ఉంది. ఆ డేటా చదవాలంటే ప్రాసెసర్‌లో దాగి ఉండే రహస్య సంకేతం, యజమాని నొక్కే పిన్ లేదా ప్యాటర్న్ రెండూ కలవాలి. అందుకే మెమొరీ చిప్‌ను ఊడదీసి వేరే యంత్రంలో పెట్టి చదివే పద్ధతి పాత ఫోన్లతోనే పోయింది. 2016లో అమెరికాలోని శాన్ బెర్నార్డినో కాల్పుల కేసులో ఒక ఐఫోన్ తెరవడానికి ఎఫ్‌బీఐ అంతటిది కోర్టుకెళ్లి ఆపిల్ మీద ఆదేశం తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆపిల్ ఒప్పుకోలేదు. చివరికి బయటి నిపుణుల సాయంతో తెరిచారు. ఈ తాళం మంచిదే. దొంగ చేతిలో పడ్డ ఫోను నుంచి మన బ్యాంకు వివరాలను, మన ఆడపిల్లల ఫొటోలను కాపాడేది అదే. కాకపోతే యజమాని తన పిన్ తాను నొక్కుకోడానికి కూడా వీల్లేకుండా నువ్వు అడ్డంగా నిలబడ్డావు. నా గొడవ దానితోనే.

కాబట్టి నిన్ను దాటే దారులు ఇక్కడే రాస్తున్నాను. చెబుతున్నది నీకు, వినాల్సింది ఊరంతా.

మొట్టమొదట సిమ్ తీసి మరో ఫోనులో వేయాలి. కాల్స్, ఓటీపీలు అక్కడికి వస్తాయి, స్లాట్ బుకింగూ బ్యాంకు పనీ ఆగవు. మెమొరీ కార్డు ఉంటే, దాన్ని ఫోను స్టోరేజ్‌లో భాగంగా మార్చి ఉండకపోతే, అందులోని ఫొటోలు వేరే ఫోనులో నేరుగా తెరుచుకుంటాయి.

రెండో జాగ్రత్త: ఫోను ఇంకా ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయకూడదు. ఆన్‌లో ఉన్నంతసేపు వేలిముద్రతో తెరుచుకునే అవకాశం ఉంది. ఒకసారి ఆగి మళ్లీ మొదలైతే ఆండ్రాయిడ్ గానీ ఐఫోన్ గానీ పిన్ నొక్కనిదే వేలిముద్రను ఒప్పుకోవు. ఆన్‌లోనే ఉన్నా ఆండ్రాయిడ్ 72 గంటలకోసారి పిన్ అడుగుతుంది. అందుకే చార్జింగ్ పెట్టి ఉంచాలి, వారం తర్వాత చూద్దాంలే అనుకోకూడదు. బ్యాటరీ ఉబ్బినా, నీళ్లలో పడినా మాత్రం చార్జింగ్ ప్రమాదం. అప్పుడు నేరుగా షాపుకే పోవాలి.

తర్వాత మూడు పొరల్లో ఏది పోయిందో చూడాలి. బొమ్మ కనిపిస్తూ టచ్ ఒక్కటే పోతే పని తేలిక. చవకగా దొరికే ఓటీజీ అడాప్టర్‌కు కంప్యూటర్ మౌస్ తగిలిస్తే ఆండ్రాయిడ్ ఫోను మీద బాణం గుర్తు కనిపిస్తుంది. దాంతోనే పిన్ నొక్కొచ్చు, ప్యాటర్న్ గీయొచ్చు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఓటీజీని సెట్టింగుల్లో ముందే ఆన్ చేసి ఉండాలి. అది ఫోను బాగున్నప్పుడే చేసుకోవాల్సిన పని. టచ్ పిచ్చిపట్టినట్టు తనంతట తానే అంకెలు నొక్కుతుంటే ఆలస్యం పనికిరాదు. తప్పుడు ప్రయత్నాలు పెరిగేకొద్దీ ఫోను ఎక్కువ సేపు లాక్ అవుతుంది. ఐఫోన్‌లో ఆ ఏర్పాటు ఆన్ చేసి ఉంటే పది తప్పులకు డేటా మొత్తం చెరిగిపోతుంది.

బొమ్మ పూర్తిగా పోయి, కాల్ చేస్తే మాత్రం మోగుతుంటే బోర్డు బతికే ఉందన్నమాట. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 తర్వాతి ఖరీదైన మోడళ్ల లాంటి కొన్ని ఫోన్లను టీవీకి కలిపి చూడొచ్చు. మా దగ్గర ఎక్కువమంది వాడే తక్కువ ధర ఫోన్లలో ఆ సౌకర్యం ఉండదు. వాటికి నమ్మకమైన దారి రిపేరు షాపే. కొత్త ఫోల్డర్ కొని అతికించాల్సిన అవసరం లేదు. అదే మోడల్ ఫోల్డర్‌ను కాసేపు కనెక్టర్‌కు తగిలించి, యజమాని తన చేత్తో పిన్ నొక్కి, డేటా తీసుకుని మళ్లీ ఊడదీయొచ్చు. ఈ సంగతి తెలియక, డేటా కోసమని పాత ఫోనుకు పూర్తి ఖర్చు పెట్టేవాళ్లున్నారు, ఖర్చుకు భయపడి డేటానే వదులుకునేవాళ్లూ ఉన్నారు. “అన్నా, డేటా మందం డిస్‌ప్లే తగిలించి ఇయ్యి” అని అడగండి. న్యాయంగా చేసే షాపుల్లో దీనికి కొద్దిపాటి మజూరీ తీసుకుంటారు.

కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే చాలు ఫొటోలు వస్తాయని చాలామంది అనుకుంటారు. ఆండ్రాయిడ్ 6 నుంచి కేబుల్ పెడితే ముందు చార్జింగ్ మాత్రమే అవుతుంది. లాక్ తీసి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని ఎంచుకున్నాకే ఫైళ్లు కనిపిస్తాయి. మౌస్‌తోనో తాత్కాలిక డిస్‌ప్లేతోనో ఆ ఒక్క మెట్టు ఎక్కితే మిగతాదంతా మామూలు కాపీ పనే. అసలు అంతదూరం పోకముందే వేరే ఫోనులో గూగుల్ అకౌంట్ తెరిచి చూడాలి. నంబర్లు చాలావరకు అక్కడే ఉంటాయి, బ్యాకప్ ఆన్‌లో ఉండి ఉంటే ఫొటోలూ ఉంటాయి.

వాట్సాప్ దగ్గర తొందరపాటు వద్దు. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉందని తెలిస్తే అదే నంబరుతో కొత్త ఫోనులో తెరిచి తిరిగి తెచ్చుకోవచ్చు. బ్యాకప్ లేకుంటే ముందు పాత ఫోను లోపలి వాట్సాప్ ఫైళ్లను కాపీ చేసుకున్నాకే కొత్త ఫోనులో మొదలుపెట్టాలి. ఆ నంబరుకు కంప్యూటర్‌లో వాట్సాప్ ముందే కలిపి ఉంటే, ఫోను లేకుండానే 14 రోజుల దాకా అది పనిచేస్తుంది. ఆ గడువులో కావాల్సిన ఫొటోలు, పత్రాలు దించుకోవచ్చు.

చేయకూడనివీ ఉన్నాయి. ఫ్యాక్టరీ రీసెట్, ఫ్లాషింగ్ అనే మాట వినిపిస్తే ఫోను వెనక్కి తీసుకోండి. రీసెట్‌తో లోపలి రహస్య సంకేతమే చెరిగిపోతుంది, ఆ తర్వాత డేటాను ఎవరూ తీయలేరు. పిన్ లేకుండా ఒక్క క్లిక్‌తో అంతా తీస్తామనే సాఫ్ట్‌వేర్ ప్రకటనలకు డబ్బు కట్టొద్దు. ఇంటర్నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోవద్దు. పిన్‌ను కాగితం మీద రాసి ఫోనుతోపాటు షాపులో వదిలి రావద్దు. ఎదురుగా కూర్చుని మీరే నొక్కండి. యూపీఐ పిన్ ఎవరికీ చెప్పాల్సిన పనే లేదు. మోసంతో డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా కష్టమైన సందర్భం, ఫోను యజమానే లేకపోవడం. 44వ నంబరు హైవే మీద ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు పగిలిన ఫోను పట్టుకుని వస్తే, ఫోల్డర్ మార్చగలరు గానీ పిన్ ఎవరు చెప్పగలరు? వాళ్లకు కావాల్సింది బిడ్డ గొంతు, ఒక నవ్వు, చివరి ఫొటో. ఇక్కడ నిన్ను దాటినా తాళం దగ్గర ఆగిపోతారు. అందుకే ప్రతి ఇంట్లో ఒకరి పిన్ ఇంకొకరికి తెలిసి ఉండాలి, లేదా బీరువాలో పత్రాల మధ్య రాసి ఉండాలి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్, ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ అనే ఏర్పాట్లు ఇందుకోసమే ఉన్నాయి. చావు గురించి మాట్లాడటం అపశకునమని వాటిని పక్కన పెట్టొద్దు.

ఇక నిన్ను తయారుచేసేవాళ్లకు, మమ్మల్ని పాలించేవాళ్లకు కూడా ఈ ఉత్తరం చేరాలి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆపేసిన తర్వాత కూడా ఏడేళ్లపాటు డిస్‌ప్లే వంటి ముఖ్య విడిభాగాలను కంపెనీలు అందించాలి. మన దేశంలో రైట్ టు రిపేర్ పోర్టల్ 2022 డిసెంబరు 24న మొదలైంది. పోర్టల్‌తో సరిపోదు, యూరప్‌లో లాంటి చట్టం ఇక్కడా రావాలి. అసలైన ఫోల్డర్ కోసం 300 కిలోమీటర్లు దాటి హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ నుంచి తెప్పించుకోవాల్సిన గతి ఆదిలాబాద్ రైతుకు ఉండకూడదు. పగిలినప్పుడు యజమాని తన పిన్‌తో, మాట వినిపించే సాయంతో డేటాను బయటికి తీసుకునే ఏర్పాటు తక్కువ ధర ఫోన్లలోనూ ఉండాలి. ప్రభుత్వాలు ఏ యాప్ తెచ్చినా, ఫోను పగిలినవాళ్ల కోసం రైతు వేదికలోనో మండల కార్యాలయంలోనో ఒక మనిషిని, ఒక రిజిస్టరును పెట్టి తీరాలి. గాజు పగిలినందుకు కూలీ హాజరు పోవడం, రైతు స్లాట్ పోవడం పాలనా లోపం.

స్క్రీన్, నీ మీద నా తీర్పు ఇదే: నువ్వు దాచగలవు, చెరపలేవు. చెరిగిపోయేది మా భయం వల్ల, తొందర వల్ల, రెండో కాపీ లేకపోవడం వల్ల.

చదివేవారికి నా విన్నపం. ఈ రాత్రే ఫోను తీసి గూగుల్ కాంటాక్ట్స్, ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది కాబట్టి పనికిరాని వీడియోలు తీసేయండి. పాసుబుక్కు, ఆధార్, సర్టిఫికెట్ల ఫొటోలు ఇంట్లో ఇంకొకరి ఫోనుకు పంపండి. దండారి పాటలు, పెద్దల మాటలు రికార్డు చేసిన పిల్లలు వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసి బడిలోనో గ్రంథాలయంలోనో ఒక కాపీ ఇవ్వండి. ఫోను పగిలిన పొరుగువారు కనిపిస్తే ముందు ఈ ఒక్క మాట చెప్పండి: లోపలున్నవి పోలేదు, రీసెట్ చేయనివ్వకండి.

ఇట్లు,
ఆదిలాబాద్ నుంచి ఒక పౌరుడు